అట్ట మీది మాట

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దల సామెత. ఊడ్చి నీళ్ళు చల్లిన వాకిలి ఉన్న ఇంటిలోనికి కాలు పెట్టుటకు ఎవరికైనా మనసు కలుగుతుంది. పుస్తకమునకు వాకిలి దాని అట్ట. లోపల ఎంత మంచి సంగతి వ్రాసి ఉన్నా, వాకిట నిలిచిన మనిషి లోనికి రాకపోతే ఆ మంచి ఆ మనిషికి చేరదు. వాకిలి మాత్రమే అందముగా ఉండి లోపల ఏమియు లేకపోతే అది మేడిపండు సామెత అవుతుంది. ఈ రెంటి నడుమ నడచుట ఎంత జాగ్రత్తతో కూడిన పనియో, 2023వ సంవత్సరములో మా పాస్టరేటు ఒక చిన్న పుస్తకము అచ్చు వేసినప్పుడు మేము దగ్గర నుండి చూచాము. ప్రియ చదువరులారా, ఇప్పుడు అనేక సంఘములు ఇటువంటి చేతి పుస్తకములు వేయుచున్నవి గనుక మాకు తెలిసిన నాలుగు మాటలు మీతో పంచుకొనుచున్నాము.

మా పుస్తకము అప్పులను గూర్చినది. మా సంఘములో పదవీ విరమణ చేసిన ఒక బ్యాంకు ఉద్యోగియు, ఒక ఉపాధ్యాయురాలును కలిసి దానిని వ్రాశారు. మొత్తము 64 పేజీలు. ఉన్న అప్పులన్నీ ఒక కాగితము మీద ఎట్లు వ్రాసుకోవాలి, ఏది ముందు తీర్చాలి, వడ్డీ ఎట్లు లెక్క కట్టాలి, అప్పిచ్చినవారితో ఎట్లు మాట్లాడాలి అనునవే అందులోని సంగతులు. నూటికి మూడు రూపాయల వడ్డీ అనగా వినుటకు చిన్న మాటే. పది వేల రూపాయలకు నెలకు 300, ఏడాదికి 3,600. మూడేండ్లు తిరిగేసరికి కట్టిన వడ్డీ 10,800 అవుతుంది, అసలు అట్లే నిలిచి ఉంటుంది. ఈ లెక్క ఒక్కసారి తన చేతితో వేసి చూచుకొన్న ఇల్లాలు ఆ రాత్రి నిద్రపోదు. కాని మరుసటి దినము నుండి మేలుకొని ఉంటుంది. అందుకే ఈ పుస్తకము ఇండ్లలోనికి వెళ్ళాలని మా ఆశ.

మా జిల్లాలలో ఇది చిన్న సంగతి కాదు. వారపు కంతుల ఒత్తిడిలో పల్లె కుటుంబములు ఎంత నలిగినవో, 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చిన దినములు జ్ఞాపకమున్న వారందరికీ తెలుసు. ఆ తరువాత అప్పు ముఖము మారింది గాని అప్పు పోలేదు. ఇప్పుడది చేతిలోని ఫోనులో నుండి కూడా వస్తుంది.

వాగ్దానము ఎంత వరకు?

తన్ను తాను దిద్దుకొనుటకు నేర్పే పుస్తకములు క్రొత్తవి కావు. ఇంగ్లాండులో శామ్యూల్ స్మైల్స్ అను రచయిత 1859లో 'సెల్ఫ్ హెల్ప్' అను పుస్తకము ప్రచురించాడు. ఈ జాతి పుస్తకములకు ఆ పేరే నిలిచిపోయినది. అమెరికాలో డేల్ కార్నెగీ పుస్తకము 1936లో వచ్చి, స్నేహితులను సంపాదించుకొనే విధము చెబుతానని పేరులోనే మాట ఇచ్చింది. మావలె కాపరి పని చేసిన నార్మన్ విన్సెంట్ పీల్ పుస్తకము 1952లో వచ్చినప్పుడు, అది కూడ మంచి ఆలోచనకు ఉన్న శక్తిని పేరులోనే చాటింది. మన తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'విజయానికి ఐదు మెట్లు' తెలియని బస్టాండు పుస్తకాల దుకాణము లేదు. ఆ పేరును కొంచెము ఆలోచించండి. విజయము అన్నాడు, వెంటనే మెట్లు అన్నాడు. మెట్టు ఉన్నదంటే ఎక్కవలసిన కాలు చదువరిదే. ఆశయు పనియు రెండు మాటలలో ఇమిడినవి.

ఈ పుస్తకములన్నిటి అట్టలు చదువరికి ఒక వాగ్దానము చేస్తాయి. వాగ్దానము చేయుట తప్పు కాదు. నెరవేర్చలేని వాగ్దానము చేయుటే తప్పు. మా పుస్తకమునకు 'ముప్పది దినములలో అప్పుల విముక్తి' అని పేరు పెడితే బాగా అమ్ముడు పోతుందని ఒక సహోదరుడు సలహా ఇచ్చాడు. అంకె ఉన్న పేరు కంటికి పట్టుట నిజమే. కాని లోపలి లెక్క ప్రకారము మామూలు కుటుంబమునకు మూడు నాలుగేండ్లు పట్టును. ముప్పది దినములకు ఆశపడి పుస్తకము కొన్న మనిషి ముప్పది ఒకటవ దినమున దేనిని నమ్ముతాడు? అప్పుల్లో ఉన్నవాడు అప్పటికే అనేకుల మాటలు నమ్మి మోసపోయి ఉంటాడు. అతనికి మరియొక మోసము సంఘము చేతి నుండి అందకూడదు.

త్రాడు బొమ్మ

అట్ట వేయుటకు పట్టణములో డి.టి.పి. పని చేసుకొను ఒక యౌవనస్థునికి అప్పగించాము. మంచి పనివాడు, మనసు పెట్టి చేశాడు. వారము తిరుగకముందే కంప్యూటరు మీద తీసిన నమూనా పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఎండిన చేను, తల పట్టుకొని కూర్చున్న రైతు, వెనుక చెట్టు కొమ్మకు వ్రేలాడుచున్న త్రాడు. పైన ఎర్రని అక్షరములతో 'అప్పుల ఊబి'. చూడగానే గుండె పట్టుకొనే బొమ్మ.

ఆ సమయమున మా సంఘపు సహోదరి ఒకామె ఏదో ఉత్తరము వ్రాయించుకొనుటకు వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఉన్నది. ఆమె భర్త అప్పుల బాధలోనే ప్రాణము తీసుకొని అప్పటికి ఆరు సంవత్సరములు. ఆ పిల్లవానికి ఆ సంగతి తెలియదు. ఆమె ఆ కాగితమును ఒక్కసారి చూచి, చేయి చాపి, మెల్లగా బోర్ల త్రిప్పి పెట్టింది. కొంతసేపటికి ఇట్లన్నది:

"పుస్తకం మంచిదేనండి అయ్యగారూ. లోపలి కాగితాలు అమ్మగారు చదివి వినిపించారు. కానీ ఈ బొమ్మ పెడితే మా ఇంట్లో ఎక్కడ పెట్టుకోనండి? పిల్లలు చూస్తారు గదండీ."

ఆ మాటతో మాకు అట్టను గూర్చిన అసలు సంగతి తెలిసినది. అట్ట అనగా దుకాణములో కనబడే బొమ్మ అని మాత్రమే అనుకొంటాము. అది ఇంటిలో గూటి మీద, మంచము ప్రక్కన, పిల్లల కంటి ముందు నెలల తరబడి ఉండునదని తలచము. ఇటువంటి మరణమును చూపించు విధమును గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000వ సంవత్సరములోనే పత్రికలవారికి సూచనలు ఇచ్చినది. మరణించిన విధమును వర్ణింపవద్దనియు, బొమ్మలు వేయవద్దనియు, సహాయము ఎక్కడ దొరకునో తప్పక చెప్పుమనియు వాటి సారాంశము. అప్పటికే మనసు కృంగి ఉన్న మనిషికి అటువంటి బొమ్మ హెచ్చరికగా పనిచేయదు, దారి చూపినట్లగును. ఆ యౌవనస్థుడు విషయము తెలిసికొని, కండ్లు తుడుచుకొని, ఆ నమూనాను మా ఎదుటనే చింపివేశాడు.

భయపెట్టు అట్టలను గూర్చి మరొక మాట. చదువరి తన కష్టమును ఎరుగని వాడు కాడు. త్రాగుడు మానవలెనని కోరువానికి సీసా బొమ్మయు పుర్రె బొమ్మయు చూపి క్రొత్తగా నేర్పునదేమీ లేదు. ఊబిలో ఉన్నవానికి ఊబి బొమ్మ ఎందుకు? గట్టు చూపించాలి.

ఎవరి ఇల్లు, ఎవరి వస్తువు?

రెండవ నమూనాలో నవ్వుచున్న కుటుంబము వచ్చింది. ఎర్రగా బుర్రగా ఉన్న తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, వెనుక సోఫా. ఇంటర్‌నెట్ నుండి తీసిన ఫొటో. స్త్రీల కూడికలో చూపించగానే ఒక పెద్దమ్మ, "వీళ్ళకేం అప్పులున్నాయండీ, వీళ్ళే మనకిచ్చేటట్టున్నారు!" అన్నది. అందరును నవ్వారు. ఆ నవ్వులో మంచి విమర్శ ఉన్నది. అట్ట మీది మనుష్యులు చదువరికి తన ఊరివారివలె కనబడకపోతే పుస్తకము తన కొరకు కాదని అనుకొంటాడు. పైగా అనుమతి లేకుండ ఇతరుల ఫొటో వాడుట న్యాయమూ కాదు, చట్టమూ ఒప్పదు.

పోనీ, మన ఊరివారినే ఎవరినైనా ఫొటో తీసి వేద్దామా? అట్లయిన ఆ మనిషికి 'అప్పుల పుస్తకం మీది మనిషి' అను పేరు జీవితాంతము ఉండిపోవును. అందుచేత మనిషి బొమ్మ వద్దని నిర్ణయించాము.

అప్పుడు స్త్రీల సమాజపు అధ్యక్షురాలు ఒక మాట అన్నది. "రైతు బొమ్మ, చేను బొమ్మ అంటారేంటండీ అయ్యగారూ? అప్పు తెచ్చేది ఎవరైనా, వారం వారం సర్ది కట్టేది మేమే గదండీ. మా డబ్బులు ఉండేది పోపుల డబ్బాలో. ఆ డబ్బా వెయ్యండి."

ఆ గదిలో ఉన్న ప్రతి స్త్రీయు తల ఊపింది. గుండ్రని స్టీలు డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు. ఆరు గిన్నెలలో పసుపు, కారము, ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపప్పు. ఏడవ గిన్నెలో నాలుగు మడతలు పెట్టిన నోటు. డబ్బా ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకము, పెన్సిలు. ఇదే మా అట్ట బొమ్మ అయినది. మా పాస్టరేటులో వంట ఇల్లున్న ఏ ఇంటివారికి కూడ దీని అర్థము విడమరచి చెప్పవలసిన అవసరము రాలేదు.

రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయమును ఎరిగిన వారికి అందులో ఇంకొకటి కూడ కనబడుతుంది. అప్పులవాడు కుమారులను తీసికొనిపోవుటకు వచ్చినప్పుడు ఆ విధవరాలిని ప్రవక్త అడిగిన ప్రశ్న, నీ ఇంటిలో ఏమున్నదని. ఆమెకున్నది నూనె కుండ మాత్రమే. అక్కడ నుండియే లెక్క మొదలైనది. ఎరుగని వారికి ఆ డబ్బా ఉత్త పోపుల డబ్బాగా కనబడినను నష్టము లేదు.

పది అడుగుల దూరము, ఒక జానెడు దూరము

పేరు విషయములో ఎక్కువ చర్చ జరిగినది. పుస్తకము దేనిని గూర్చినదో అట్ట స్పష్టముగా చెప్పాలి. కాని 'అప్పు' అను మాట పెద్ద అక్షరములతో ఉంటే దానిని బస్సులో ఎవరు పట్టుకొంటారు? ప్రక్క సీటులోని మనిషి వీరు అప్పులవారని తెలిసికొనును. మన పల్లెలలో అప్పు కన్నను అప్పు బయటపడుట ఎక్కువ బాధ. పరువు పోవునని భయపడియే అనేకులు ఒక అప్పు దాచుటకు మరియొక అప్పు చేయుచున్నారు.

చివరకు పేరు రెండు భాగములైనది. పెద్ద అక్షరములతో 'ఇంటి లెక్క'. దాని క్రింద చిన్నగా 'అప్పు తీరేదాకా నెల నెలా చేయవలసిన పని'. పది అడుగుల దూరము నుండి చూచువానికి అది ఇంటి ఖర్చుల పుస్తకము. జానెడు దూరములో పట్టుకొన్న మనిషికి అది అప్పులు తీర్చు పుస్తకము. అబద్ధము లేదు, సిగ్గుపరచుట లేదు. త్రాగుడును గూర్చియైనను, భార్యాభర్తల కలహములను గూర్చియైనను, మనోవ్యాధిని గూర్చియైనను పుస్తకము వేయువారు ఈ రెండు దూరములను ఆలోచించుట మంచిదని మా మనవి.

అక్షరముల సంగతి. తెలుగు అక్షరము ఇంగ్లీషు అక్షరమువలె ఒక్క గీత మీద కూర్చుండదు. పైన గుడి, క్రింద వత్తు, ఆ వత్తు క్రింద మరొక వరుస. 'లెక్క'లోని క వత్తు, 'అప్పు'లోని ప వత్తు క్రిందికి దిగును. రెండు వరుసలను దగ్గరగా నెట్టితే పై వరుస వత్తులు క్రింది వరుస గుడులను తగులును. దూరము నుండి ఏమియు చదువ రాదు. జాగా చాలలేదని అక్షరములను అడ్డముగా సాగదీయుట, నిలువుగా నొక్కుట, నీడలు వేయుట మానుకోవాలి. బాపు గారు (1933-2014) వేసిన అట్టలు దొరికితే చూడండి. బొమ్మ ఎంత ముఖ్యమో అక్షరము కూడ అంత ముఖ్యమని ఆయన అట్టలే పాఠము. ఆ చేతివ్రాత తరువాత కంప్యూటరు అక్షరములుగా కూడ వచ్చినది.

రంగు ఎన్నుకొనుట మన రాష్ట్రములలో సులువు కాదు. పసుపు అంటే ఒక పార్టీ, గులాబీ అంటే ఒక పార్టీ, కాషాయము, నీలము, ఎరుపు అన్నిటికీ సొంతదారులున్నారు! ఎన్నికల దినములలో మన పుస్తకము కరపత్రమని అనుకొనకూడదు. మేము ముదురాకు రంగు వెనుకగా, వెన్న రంగు అక్షరములు పైన పెట్టించాము. స్టీలు డబ్బా తెల్లగా మెరిసి, గిన్నెలలోని పసుపు, కారము దిద్దినట్లు కనబడినవి. లేత రంగు మీద లేత అక్షరము, ఎరుపు మీద నలుపు అక్షరము వద్దు. చాలా ఇండ్లలో చదువునది సాయంకాలము, మసక వెలుతురులో, కంటికి శుక్లము పట్టిన పెద్దలు.

నాలుగు రంగులు వేయుటకు డబ్బు లేని సంఘములు అధైర్యపడవద్దు. ఇంగ్లాండులో 1935లో మొదలైన పెంగ్విన్ పుస్తకముల అట్టల మీద బొమ్మలే లేవు. రంగు పట్టీలు, పేరు, చిన్న పక్షి గుర్తు మాత్రమే. నారింజ రంగు పట్టీ ఉంటే నవల, ఆకుపచ్చ ఉంటే నేరపరిశోధన కథ. చూచినవారు దూరము నుండియే గుర్తుపట్టేవారు. స్పష్టతకు ఖర్చు తక్కువ.

సిలువ గుర్తు ఎక్కడ?

సంఘపు డబ్బుతో వేయు పుస్తకము మీద సిలువ ముందు వైపున లేకపోతే ఎట్లని పెద్దలలో ఇద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నయే. చాలాసేపు మాట్లాడుకొన్నాము. మా ఊళ్ళలో పొదుపు సంఘపు సహోదరీలు పది మంది కూర్చుంటే అందులో మనవారు ముగ్గురు, నలుగురు ఉంటారు. మిగిలినవారు మన పొరుగువారు. వడ్డీ మాత్రము ఎవరినీ మతము అడుగదు. ముందు వైపున సిలువ కనబడితే ఆ పొరుగు ఇల్లాలు పుస్తకమును చేతిలోనికి తీసికొనకముందే ఇది తనకు కాదనుకొనును. లేక ఇంటిలో మాట పడును. కాబట్టి మా సంఘము పేరు, గుర్తు వెనుక అట్ట క్రింది భాగమున, దాచకుండ, పెద్దది చేయకుండ వేశాము. ఆ పెద్దలే తరువాత ఎక్కువ ప్రతులు పంచినవారు.

వెనుక అట్టను ఖాళీగా వదలుట గాని, రచయితల ఫొటోలతో నింపుట గాని మాకు ఇష్టము లేకపోయినది. అచ్చటనే లోపలి సంగతులు నాలుగు వరుసలలో వ్రాశాము. వాటి క్రింద రెండు నంబర్లు. మనసు కృంగినవారు ఏ గంటలోనైనా ఉచితముగా మాట్లాడుటకు ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి మానస్ నంబరు 14416. ఉచిత న్యాయ సలహాకు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. లోపలి పేజీలు ఎన్నడును తెరువని మనిషియైనను పుస్తకమును బోర్ల పెట్టినప్పుడు ఆ నంబర్లు కనబడవలెనని మా కోరిక. ఆ సహోదరి కాగితమును బోర్ల త్రిప్పి పెట్టినప్పుడే ఆ ఆలోచన వచ్చినది.

అచ్చుకు ముందు ఒక పరీక్ష

ముద్రణకు ఇచ్చే ముందు మూడు నమూనాలు కలరు ప్రింటు తీయించి, పాత నోటుపుస్తకములకు అంటించి, ఆరాధన తరువాత గుమ్మము ప్రక్కన బల్ల మీద పెట్టించాము. ఏది బాగున్నదని ఎవరినీ అడుగలేదు. అడిగితే మనవారు మర్యాద కొరకు అన్నియు బాగున్నవందురు. ఏ పుస్తకము మీదికి చేయి పోవునో దూరము నుండి చూచాము. పోపుల డబ్బాను ఎక్కువమంది తీసికొన్నారు. పురుషులు కొందరు తీసి, పేరు చదివి, క్రింది చిన్న వరుస చదివి, అటు ఇటు చూచి చొక్కా జేబు దగ్గర పెట్టుకొన్నారు. అందులో తెల్ల కాగితములే ఉన్నవని వారికి చెప్పి తిరిగి తీసికొనవలసి వచ్చినది! ఆ దినమున ఎవరెవరి చేతులు ఆ బల్ల వరకు వచ్చినవో చూచిన తరువాత, మా సంఘములో అప్పుల భారము ఎన్ని ఇండ్లలో ఉన్నదో కాపరులమైన మాకు కూడ క్రొత్తగా తెలిసినది.

కంప్యూటరు పనివారికి చెప్పవలసిన మాటలు కొన్ని: ఫొటో 300 డి.పి.ఐ. ఉండాలి, లేనిచో అచ్చులో మసకబారును. అంచులలో మూడు మిల్లీమీటర్లు రంగు అదనముగా వదలాలి, కోతలో తెల్ల గీత రాకుండ. అట్ట కాగితము దళసరిగా ఉండి, పైన లామినేషన్ ఉంటే నూనె చేతులకు, వాన చినుకులకు తట్టుకొనును. మాది నాలుగు ఫారముల పుస్తకము, నడుమ పిన్నులు కొట్టినది గనుక వీపు మీద పేరు వేయు చోటు లేదు. అందుచేత ముందు అట్ట మీదనే భారమంతయు పడినది.

మొదట 1,000 ప్రతులు వేశాము. ఏడాది గడచిన తరువాత ఇండ్లు దర్శించుటకు వెళ్ళినప్పుడు ఆ పుస్తకమును గూట్లో, బియ్యపు డబ్బా మీద, కుట్టుమిషను సొరుగులో చూచాము. ఒక ఇంటిలో అట్ట మూలకు రంధ్రము చేసి, దారము కట్టి, పొయ్యి ప్రక్కన మేకుకు తగిలించారు. లోపలి ఖాళీ గడులలో నెల నెలా పెన్సిలుతో అంకెలు. పద్నాలుగు నెలల అంకెలు మేము లెక్కపెట్టాము. ఒక్క నెల కూడ తప్పలేదు. అప్పు ఇంకను ఉన్నది, కాని తగ్గుచున్నది. రెండవ ముద్రణలో ప్రతి పుస్తకము మూలకు ముద్రణాలయములోనే రంధ్రము వేయించాము. ఆ మార్పును మాకు నేర్పినది ఆ ఇల్లాలే.

ప్రియులారా, మీ సంఘములో ఎవరైనను ఇటువంటి పుస్తకము తలపెట్టినప్పుడు అట్టను చివరి దినపు పనిగా, ముద్రణాలయము వారి ఇష్టమునకు వదలవద్దు. దానిని తీసికొను మనిషి ఎవరు, ఏ సిగ్గుతో, ఏ భయముతో చేయి చాపుచున్నాడు, ఇంటికి తీసికొనిపోయి ఎక్కడ పెట్టుకొనును అని ముందుగా తలచండి. ఆ మనిషి కష్టము బయటపడకుండ, ఆ మనిషికి కావలసిన దారి కనబడేటట్లు అట్ట వేయించండి. పుస్తకము చక్కగా అమ్ముడు పోయినదా అని తరువాత అడుగవచ్చును. అది ఇంటిలో ఏ మేకుకు వ్రేలాడుచున్నదో వెళ్ళి చూడండి.